వంతుల కాగితంలో శ్రీమతి హార్కర్

ముప్పై ఏడేళ్ల కాపురంలో నెవిల్ హార్కర్ తన భార్య మాటను ఖాతరు చేసింది ఒక్కసారే. అదీ ఆ మాటవల్ల డబ్బు కలిసొస్తుందని లాయరు చెప్పాక. కప్పు కారుతోందనీ, ఆ కోటు నీకు పట్టడం లేదనీ, ఎదురొచ్చిన మనిషిని పలకరిస్తే నోరు అరగదనీ ఆమె చెప్పినవన్నీ గాలికి వదిలేశాడు. ఈ ఒక్కటి మాత్రం ఎనిమిదేళ్లు భద్రంగా దాచుకుని, తేదీతో సహా విడాకుల కోర్టు కాగితం మీదికి ఎక్కించాడు.

ఆ కాగితాన్ని అతని భార్య గ్లెండాకు చదివి వినిపించింది ఆమె లాయరు ఫిలిప్పా డన్. స్కిప్టన్ బజారులో రొట్టెల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. మెట్లెక్కి వచ్చేసరికే మనిషికి ఆకలేస్తుంది.

"'2014 సెప్టెంబరు పద్నాలుగు నుంచి నేనూ నా భార్యా ఒకే కప్పు కింద ఉన్నా విడివిడిగానే బతికాం. భార్యాభర్తల సంబంధం ఆ రోజుతో తెగిపోయింది.' ఇదీ ఆయన రాసింది," అంది ఫిలిప్పా.

"విడిగానా? మరి వాడి లోదుస్తులు ఎవరు ఉతికారట? ఊరి పంచాయతీ వాళ్లా?"

"నాకు కావలసింది సరిగ్గా అదే, గ్లెండా గారూ. ఆ తేదీని ఆయన ఎందుకంత గట్టిగా పట్టుకున్నాడో తెలుసా మీకు?"

తెలియకేం. నెవిల్ వ్యాపారం మరుగుదొడ్లు. పెళ్లి విందులకూ, పశువుల ప్రదర్శనలకూ, పొలాల్లో మూడేసి రోజులు జరిగే పాటల జాతరలకూ లారీలమీద ఎక్కించి పంపే ప్లాస్టిక్ మరుగుదొడ్లు. 2014లో అతనికి అవి నలభై ఉండేవి, అందులో పదింటికి తలుపు పడేది కాదు. తర్వాత జాతరలు పెరిగాయి. ఆపైన కరోనా వచ్చింది. దేశమంతా తలుపులు బిగించుకుని కూర్చుంటే, జనం ముక్కులో పుల్ల పెట్టి చూసే ప్రతి గుడారం పక్కనా నెవిల్ మరుగుదొడ్డి వెలిసింది. లోకం దగ్గుతుంటే అతగాడు లారీలు కొన్నాడు. 2021 చివర్లో మొత్తం కంపెనీని ఒక పెద్ద సంస్థకు పన్నెండు లక్షల పౌండ్లకు అమ్మి, మూడు నెలలు తిరక్కుండా, గుడారాలు అద్దెకిచ్చే షీనా ఇంటికి పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. గుడారాలూ మరుగుదొడ్లూ ఒకచోట చేరాయి, ఇక బాజా ఒక్కటే తక్కువని ఊళ్లో నవ్వుకున్నారు.

"ఫలానా తేదీ దాటితే పంపకం లేదని మన చట్టం గీత గీసి పెట్టలేదు," అంది ఫిలిప్పా. "అన్నీ చూసి ఏది న్యాయమో జడ్జి తేలుస్తారు. కాకపోతే, కలిసి కాపురం చేస్తుండగా సంపాదించింది ఇద్దరిదీ. విడిపోయాక పెంచుకున్నది నా ఒక్కడి కష్టమని ఆయన వాదించుకోవచ్చు. 2014లో ఆ కంపెనీకి లక్ష కూడా వచ్చేది కాదు. అప్పుడే విడిపోయారని జడ్జి నమ్మితే..."

"నాకు ఇరవై దొడ్లు వస్తాయి. తలుపు పడనివి చూసి ఇస్తాడు."

ఫిలిప్పా నవ్వు ఆపుకుంది. "ఇల్లు అమ్మేసి, మీకు రింగురోడ్డు పక్కన రెండు గదుల ఫ్లాటు చూస్తానంటున్నాడు. అదే, 2022లో ఆయన పెట్టె సర్దుకునే దాకా మీరు కలిసే ఉన్నారని తేలితే, ఇల్లు మీ పేరున రాసి, పైన ఇంకా ఇవ్వాల్సి ఉంటుంది. అంతా ఆ తేదీమీదే ఉంది."

ఇల్లంటే ఆస్గిల్ ఊరి పైకొసన రాతితో కట్టిన పాత ఇల్లు. కొన్న కొత్తలో వంటింట్లోకి వాన పడేది. ముప్పై నాలుగేళ్లుగా గోడలకు సున్నం కొట్టిందీ, రాళ్లు ఏరి తోట చేసిందీ, ద్రాక్ష లాంటి మొక్కలు బతకని ఆ గాలిలో బ్లాక్‌కరెంట్ పళ్ల పొదలు బతికించిందీ గ్లెండా. నెవిల్ చేసిందల్లా ఆ ఇంటికి తాళం చెవులు మూడుసార్లు పోగొట్టడం. ఆ కిటికీలోంచి కొండ కనబడకుండా, లారీలు చూస్తూ అరవై మూడో ఏట కొత్తగా బతకడం నేర్చుకోవాలంటే ఆమెకు భయమేసింది. కోపం కంటే భయమే ఎక్కువ వేసింది, అందుకే కోపం ఎక్కువగా చూపించింది.

"ఒకటి చెప్పండి. ఆ పద్నాలుగో తేదీన ఏమైనా జరిగిందా? ఏ తేదీ లేనట్టు అదే ఎందుకు రాశాడు?" అంది ఫిలిప్పా.

"ఏదో గొడవ. ఎవరింట్లో లేదు?" అంది గ్లెండా. చెప్పి, కిందనుంచి వస్తున్న రొట్టెల వాసన గురించి మాట్లాడటం మొదలుపెట్టింది.

గొడవ కాదు. గొడవైతే నెవిల్‌కు గుర్తుండేదే కాదు.

ఆ ఆదివారం పొద్దున అతని కోటు జేబులో గ్లెండాకు హారోగేట్‌లోని ఒక హోటలు బిల్లు దొరికింది. ఒక గది, రెండు ఫలహారాలు. భార్యకు తెలుస్తుందన్న భయం ఉన్నవాడు దాన్ని చింపేస్తాడు. నెవిల్ దాన్ని నాలుగు మడతలు పెట్టి దాచాడు, కంపెనీ ఖర్చుల్లో చూపించుకోవడానికి. పరాయి ఆడదాని పక్కన కూర్చుని తిన్న కోడిగుడ్లకు కూడా అతగాడికి పన్ను మినహాయింపు కావాలి. గ్లెండాకు ఒళ్లు మండింది షీనా మీద కాదు, ఆ మడతల మీద.

ఆమె అరవలేదు. బిల్లు తెచ్చి అతని కంచం పక్కన పెట్టింది. "ఇవాళ్టి నుంచి నేను నీ పెళ్లాన్ని కాను. నీ బట్టలు వెనక గదిలో పెట్టాను," అంది.

నెవిల్ బిల్లు తీసి జేబులో పెట్టుకున్నాడు. "సరే," అని పేపరు తిరగేశాడు.

అంతే. కానీ ఆ మాట అన్నాక గ్లెండాకు ఏదో బరువు దించినట్టయింది. పుట్టింట్లో తండ్రి చెప్పినట్టు విన్నది, చర్చిలో పాస్టరు చెప్పమన్నట్టు ప్రమాణం చేసింది. ఎవరూ చెప్పమనకుండా తనంతట తాను అన్న పెద్ద మాట అదొక్కటే. తోటలోకి వెళ్లి కాసేపు నిలబడి, ఆ మాటను మళ్లీ తనలో తాను అనుకుంది. బాగుంది.

తర్వాత లోపలికొచ్చి, పదకొండింటికి మాంసం ఓవెన్‌లో పెట్టింది.

ఎందుకు పెట్టావమ్మా అని ఆ రోజు ఎవరైనా అడిగితే ఆమె వాళ్లను పిచ్చివాళ్లకింద జమకట్టేది. కిలోన్నర గొడ్డు మాంసం శనివారమే వచ్చి కూర్చుంది. దుంపలు ఒలిచి నీళ్లలో పడేసి ఉన్నాయి. మాంసంతో తినే ఉప్పటి పుడ్డింగుల పిండిని పన్నెండు గుంటల రేకులో పోసి ఓవెన్‌లో పొంగిస్తారు, ఒక్క గుంటలో పోసుకుని కూర్చునే ఆడది యార్క్‌షైర్‌లో ఇంకా పుట్టలేదు. కాపురం కూలడం వేరు, ఆదివారం భోజనం వేరు. ఒంటిగంటకు నెవిల్ చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆమె వడ్డించింది. ఆ తర్వాత ఏడేళ్లు అలాగే గడిచాయి.

ఊరికి మాత్రం ఒక్క ముక్క తెలియలేదు. ఆస్గిల్‌లో మొగుడూ పెళ్లాలను విడదీసేది లాయర్లు కాదు, కోర్టులు కాదు, క్రికెట్ క్లబ్బు తలుపుకు అంటించే వంతుల కాగితం. ఏప్రిల్ మొదటివారంలో అది బయటికొస్తుంది. శనివారం శనివారం ఆట మధ్యలో రెండు జట్లకూ టీ, శాండ్‌విచ్‌లు, కేకులు పెట్టే ఆడవాళ్ల పేర్లు, వారానికిద్దరు చొప్పున. అందరూ ఆటగాళ్ల, క్లబ్బు పెద్దల పెళ్లాలే. తన వంతు ఎప్పుడో చూసుకోవడానికి వచ్చేవాళ్లు కొందరు. ఎవరి పేరు ఎగిరిపోయిందో చూడటానికి వచ్చేవాళ్లు మిగతా ఊరంతా. జట్టులో ఆడే లిస్టరు కాపురం కూలిన సంగతి లిస్టరు కన్నతల్లికే ఆ తలుపు దగ్గర తెలిసింది, నల్లకళ్లద్దాలు తీసి రెండుసార్లు చదువుకుందట పాపం.

పేరు పోయిన ఆడదాన్ని ఊరు ఏం చేస్తుందో గ్లెండాకు బాగా తెలుసు. తల కాస్త పక్కకు వంచి, గొంతు బాగా తగ్గించి, "ఎలా ఉంటున్నావమ్మా?" అంటుంది. ఇంటికి జామ్ సీసాలు తెచ్చిస్తుంది. లిస్టరు భార్యకు గ్లెండాయే మూడు సీసాలు మోసింది. తల ఎంత వంచాలో ఎక్కడ ఆపాలో ఆమెకు వచ్చినంత బాగా ఊళ్లో ఎవరికీ రాదు. ఆ తల తనవైపు వంగడం ఆమె చచ్చినా భరించలేదు.

ఆ కాగితం ఏటా టైపు కొట్టేది క్లబ్బు కార్యదర్శి. కార్యదర్శి నెవిల్. పేరు తీసెయ్యమని అతనితో ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమె అనలేదు. అతనూ అడగలేదు, ఎందుకంటే గ్లెండా నిమ్మకాయ కేకుకోసం పొరుగూరి జట్లు ఆట ఓడిపోవడానికి కూడా సిద్ధంగా వచ్చేవి. 2015 ఏప్రిల్‌లో కాగితం తలుపెక్కింది. మొదటి వరసలోనే శ్రీమతి హార్కర్.

సంగతి కోర్టుదాకా వచ్చిందని తెలిసి, ఆ కాగితాలు గుర్తుచేసింది బ్రెండా మెట్‌కాఫ్. బ్రెండాది పక్కిల్లు, గోడకు గోడ. క్లబ్బు తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది. ఇద్దరూ ఒక మంగళవారం మధ్యాహ్నం వెళ్లి క్లబ్బు బీరువా దులిపారు. ఆ క్లబ్బులో ఏదీ పారెయ్యరు, గెలుపు ఒక్కటీ తప్ప. పాత స్కోరు పుస్తకాల మధ్య, బిస్కెట్ల డబ్బాలో, కాగితాలన్నీ దొరికాయి. ఏడాదికొకటి చొప్పున, కరోనా వచ్చి టీ ఆపేసిన ఒక్క ఏడాది తప్ప, మొత్తం ఆరు. ఆరింటిలోనూ శ్రీమతి హార్కర్. అడుగున ప్రతిదానిమీదా నెవిల్ సంతకం, కింద రెండు గీతలతో.

"దొరికాడు వెధవ!" అంది బ్రెండా. "ఊళ్లో పసిపిల్లను అడిగినా చెబుతుంది, పేరుంటే కాపురం ఉన్నట్టే. ఇక వాడి పప్పులుడకవు. అవునే, ఇంతకీ ఆ పద్నాలుగో తేదీ గోలేమిటి?"

గ్లెండా కాగితాలు సర్దుతూ చెప్పేసింది. చెబుతున్నప్పుడు బ్రెండా మొహం చూడలేదు.

"అన్నావా? వాడి మొహాన్నే?"

"మొహాన్నే."

"ఏడేళ్లు నాతో అనలేదు! నువ్వు అటు తుమ్మితే ఇటు వినిపిస్తుంది నాకు. నీ కడుపులో ఇంత ఉందా?"

"చెబితే నువ్వు జామ్ తెచ్చేదానివి."

బ్రెండా కాదనలేదు. బిస్కెట్ల డబ్బా మూత బిగించింది. "సరే, అయిందేదో అయింది. కోర్టులో వాడి లాయరు అడుగుతాడు, అన్నావా అని. లేదని చెప్పు. ఎవరు విన్నారు? ఓవెనా?"

"ప్రమాణం చేయిస్తారే."

"వాడు చెయ్యలేదా ప్రమాణం, చర్చిలో? ఎంత నిలబెట్టాడు? ఒక్క 'లేదు'కు కొండ ఎదురుగా ఇల్లు వస్తుంటే ఇంకా ఆలోచిస్తావేమే? నీకు నోరు తిరగకపోతే దగ్గు. వాళ్లే లేదని రాసుకుంటారు."

గ్లెండా నవ్వింది. బ్రెండా చెప్పింది తప్పేం కాదు. కానీ ఆ ఏడేళ్లలో నెవిల్ చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ప్రతి కాలరుకూ ఆమె అనుకున్న మాట ఒకటే, నేను వీడి పెళ్లాన్ని కాను. అతను గ్రేవీ గిన్నె కోసం చూడకుండానే చెయ్యి చాపితే, అందిస్తూ అదే అనుకుంది. క్లబ్బులో రొట్టెముక్కల అంచులు కోస్తూ అదే అనుకుంది. ఆ మాట ఉండబట్టే ఆ చాకిరీ అంతా ఎవరో వేరే ఆడమనిషి చేస్తున్నట్టుండి ఊపిరాడింది. ఇప్పుడు లేదు, అనలేదు అని చెబితే తన దగ్గర మిగిలేదేమిటి? ఇల్లు. ఇల్లూ తక్కువదేం కాదు.

అక్టోబరులో లీడ్స్‌లో విచారణ. అలాంటి విచారణలు తలుపులు వేసి చేస్తారు, బయటివాళ్లను రానివ్వరు. బ్రెండాను నడవాలో కుర్చీలో వదిలి గ్లెండా లోపలికి వెళ్లింది. బ్రెండాకు ఎదురు కుర్చీలో షీనా కూర్చుంది. ఇద్దరూ మూడు గంటలు ఒకే నోటీసు బోర్డును చదివారట.

జడ్జి నడివయసు ఆవిడ, జలుబుతో ఉంది. నెవిల్ కొత్త సూటులో వచ్చాడు. అది షీనా ఎంపిక అని భుజాలు చూస్తేనే తెలుస్తోంది. ప్రమాణం చేశాడు, తన వాంగ్మూలం నిజమేనన్నాడు, వెనక గదిలో తన మంచం ఎంత ఇరుకో ఎవరూ అడక్కుండానే వివరించాడు.

ఫిలిప్పా లేచి వంతుల కాగితం ఒకటి అతని ముందు పెట్టింది. "ఇది టైపు చేసిందెవరండీ?"

"నేనే. క్లబ్బు పని."

"ఈ మొదటి వరసలో శ్రీమతి హార్కర్ అంటే ఎవరు? మీ అమ్మగారా?"

"మా అమ్మ పోయి ఇరవై ఏళ్లయింది. గ్లెండాయే. అది... పేరు పాత కాగితంలోంచి అలా వచ్చేస్తుందండీ. ఏటా తేదీలు మారుస్తానంతే."

"అలాగా. లిస్టరు దంపతులు విడిపోయినప్పుడు ఆవిడ పేరు కూడా అలాగే వచ్చేసిందా?"

"లేదు, లేదు. తీసేశాను."

"ఎప్పుడు?"

"ఆ ఏప్రిల్లోనే. ఉంచితే బాగోదు కదండీ, విడిపోయాక..." అని ఆగిపోయాడు నెవిల్. తన నోటిని తనే వెనక్కి పిలుచుకుంటున్నట్టు చూశాడు.

ఫిలిప్పా తొందరపడలేదు. "ఈ ఏడేళ్లలో మీ వంట మీరు చేసుకున్న రోజు ఒక్కటి చెప్పండి."

నెవిల్ వేళ్లమీద లెక్కపెట్టి చూశాడు. "గ్లెండా వాళ్లక్క ఆపరేషనుకు వెళ్లినప్పుడు రొట్టె కాల్చుకున్నాను."

"తర్వాత?"

"మాడింది. షీనా దగ్గరికి వెళ్లి తిన్నాను."

తర్వాత గ్లెండా వంతు. నెవిల్ లాయరు పొడుగాటి మనిషి, చొక్కా చేతులకు వెండి గుండీలు. కాగితాల జోలికీ భోజనాల జోలికీ పోలేదు. నిలబడి, మర్యాదగా, ఒకే ప్రశ్న అడిగాడు.

"అమ్మా, 2014 సెప్టెంబరు పద్నాలుగున మీరు మీ భర్తతో 'ఇవాళ్టి నుంచి నేను నీ పెళ్లాన్ని కాను' అన్నారా, లేదా?"

గదిలో ఫిలిప్పా కలం ఆగిపోవడం గ్లెండాకు తెలిసింది. నోట్లో 'లేదు' సిద్ధంగానే ఉంది, బ్రెండా ఇచ్చి పంపినది. ఇల్లు కళ్లముందు ఆడింది, పళ్ల పొదలు, కిటికీ, కొండ. తలెత్తితే నెవిల్ కనబడ్డాడు. ముందుకు వంగి ఆమె పెదాల వంక చూస్తున్నాడు. ముప్పై ఏడేళ్లలో ఆమె ఏం అంటుందోనని అతగాడు ఎదురుచూడటం అదే మొదలు. వీడికోసం నేను నా మాట మింగాలా అనుకుంది. నా నోటితో నేను అన్న ఒక్క మాట.

"అన్నాను," అంది.

లాయరు మొహం వెలిగింది. "కోపంలో తొందరపడి అన్నది కాదు కదా?"

"నా జన్మలో అంత నిదానంగా, అంత మనసారా ఇంకేదీ అనలేదు."

"ధన్యవాదాలమ్మా. ఇక అడిగేదేం లేదు." ఆయన కూర్చున్నాడు. నెవిల్ వెనక్కి వాలి కోటు గుండీ విప్పుకున్నాడు. ఫిలిప్పా గ్లెండా వంక చూడలేదు. పోయింది, ఇల్లు పోయిందనుకుంది గ్లెండా. తల దించుకోవాలని మాత్రం అనిపించలేదు.

జడ్జి ముక్కు తుడుచుకుని, "ఒక్క నిమిషం, శ్రీమతి హార్కర్. ఆ మాట అన్నాక మీరేం చేశారు?" అంది.

"తోటలోకి వెళ్లానండీ."

"తర్వాత?"

"లోపలికొచ్చి మాంసం ఓవెన్‌లో పెట్టాను."

"మీ ఒక్కరికా?"

"ఇద్దరికీ."

"అంత మాట అన్నాక? ఎందుకు?"

గ్లెండా ఆ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూసింది. జవాబు ఒకటే ఉంది. "ఆదివారం కదండీ," అంది.

జడ్జి నవ్వలేదు. రాసుకుంది. రాసుకుని నెవిల్ వైపు తిరిగింది. "మీరు తిన్నారా?"

అతని లాయరు కళ్లతో ఏదో చెప్పబోయాడు. నెవిల్ చూడలేదు. "తిన్నానండీ. బల్లమీద పెట్టింది కదా. పుడ్డింగులు మాత్రం ఆ పూట సరిగ్గా పొంగలేదు," అన్నాడు.

ఎనిమిదేళ్ల కిందటి పుడ్డింగు పొంగలేదన్న ఫిర్యాదును కోర్టులో దాఖలు చేసిన మొగుడు దేశంలో అతనొక్కడే అయ్యుంటాడు. వెండి గుండీల లాయరు తన కాగితాలను నెమ్మదిగా ఒకదానిమీద ఒకటి పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం జడ్జి తీర్పు చదివింది. ఒకే కప్పు కింద ఉంటూ కూడా మనుషులు విడిపోవచ్చని, అయితే అప్పుడు ఇల్లు ఒకటైనా సంసారాలు రెండు కావాలని చెప్పింది. తర్వాత వరసగా మొదలుపెట్టింది. వంటలు. ఉతుకులు. ఇస్త్రీలు. క్రిస్మస్‌కు ఇద్దరి పేర్లతో పంపిన కార్డులు. ఆరు కాగితాలు. భర్త కాలు విరిగినప్పుడు తొమ్మిది వారాలు మెట్లమీద మోసిన భోజనం పళ్లేలు. ఆ పళ్లేల సంగతి గ్లెండాయే మర్చిపోయింది. ఇంకా ఉంది, ఇంకా ఉంది. ఒకరి జీవితాన్ని ఇంకొకరు జలుబు గొంతుతో చదువుతుంటే వినడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడే తెలిసింది.

"భార్య ఆ మాట నిజాయితీగానే అన్నారు. తనకు నష్టమని తెలిసీ ఒప్పుకున్నారు కాబట్టే ఆవిడ చెప్పిన మిగతావన్నీ నమ్ముతున్నాను," అంది జడ్జి. "కానీ ఆ మాట ప్రకారం ఇద్దరిలో ఎవరూ ఒక్క పూట కూడా బతకలేదు. వీళ్లు 2014లో విడిపోలేదు. 2022 ఫిబ్రవరి దాకా భార్యాభర్తలుగానే ఉన్నారు." ఇల్లు గ్లెండాకు. కంపెనీ అమ్మిన డబ్బులోంచి ఆమెకు ముసలితనం గడవడానికి సరిపోయేదానికంటే ఎక్కువే.

ఫిలిప్పా బల్లకింద ఆమె చెయ్యి నొక్కింది. గ్లెండా ఆ చేతిని అలాగే ఉంచింది.

నడవాలో బ్రెండా ఎగిరి గంతేసినంత పనిచేసింది. షీనా లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా కారు తియ్యడానికి వెళ్లిపోయింది. నెవిల్ మాత్రం గ్లెండా ముందుకొచ్చి నిలబడ్డాడు. కోపంగా లేడు. మోసపోయిన మనిషిలా మొహం పెట్టాడు.

"నువ్వు అన్నావు. నేను నమ్మాను, గ్లెండా. ఆ రోజు నుంచి నాకు పెళ్లాం లేదనే అనుకున్నాను. దేవుడి మీద ఒట్టు."

అతని మొహం చూస్తే నిజమేనని గ్లెండాకు అర్థమైంది. తన మాటను లోకంలో నమ్మింది ఈ దరిద్రుడొక్కడే. బ్రెండాకు తెలియదు, ఊరికి తెలియదు, జడ్జి కుదరదు పొమ్మంది. చివరికి తనే నమ్మినట్టు బతకలేదు. ఆ తలుపు మీది కాగితానికి భయపడి, తల వంచి పలకరించే నలుగురు ఆడవాళ్లకు భయపడి.

"నమ్మావు," అంది గ్లెండా. "నమ్మి, పెళ్లాం కాని దానితో ఏడేళ్లు చాకిరీ చేయించుకున్నావు. సిగ్గులేకపోతే సరి. పో, నీ బండి వచ్చింది."

నెవిల్ వెళ్లాడు. వెనక నుంచి చూస్తే సూటు ఇంకా వదులుగా ఉంది.

కారు దగ్గర బ్రెండా గ్లెండా మొహంలోకి చూసింది. "ఏమే, గెలిచి కూడా ఆ మొహం ఏమిటి? నేనైతే ఈపాటికి బజారంతా చాటేదాన్ని."

"ఏం చాటమంటావు? వాడికి ఇంకో ఏడేళ్లు పెళ్లాంగా ఉన్నానని రుజువు చేసి గెలిచాను. కాదు, కాదు అనుకుంటూనే ఉన్నాను. ఆవిడ ఒక్కొక్కటీ చదువుతుంటే నాకే సిగ్గేసింది, బ్రెండా. ఒక్క ఆదివారం... ఆ ఒక్క ఆదివారం వాడికి వండకుండా ఉన్నా చాలేది."

"చాలేది! ఆ ఒక్క ఆదివారం వండకపోతే ఇవాళ ఇల్లు పోయేదే పిచ్చిమొహమా."

"పోయేది," అంది గ్లెండా కారు తలుపు లాక్కుంటూ. "నేను మిగిలేదాన్ని."